చెట్లు కొట్టే వ్యాపారానికి ఏ బీమా ముందు తీసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. విశాఖ మధురవాడలో ఉంటూ నగరమంతటా చెట్ల కొమ్మలు కొట్టే, ప్రమాదకరంగా మారిన చెట్లను తొలగించే చిన్న సంస్థ నడుపుతున్నారు. ఆరుగురు పనివారు ఏడాది పొడవునా ఉంటారు, తుపానుల కాలంలో ఒక మేస్త్రీ ద్వారా మరో పది పన్నెండు మంది వస్తారు. రంపం మిషన్లు, చిన్న లారీ మీ సొంతం, క్రేన్ మాత్రం అద్దెది. మీ ఏజెంటు పనివారందరికీ గ్రూపు వ్యక్తిగత ప్రమాద పాలసీ ఇచ్చి ఇక వేరే బీమా అక్కర్లేదన్నారు. ఇప్పుడు సీతమ్మధారలోని ఒక అపార్ట్‌మెంట్ సంఘం బీమా పత్రాలు చూపిస్తేనే నిద్రగన్నేరు చెట్ల పని ఇస్తామంటోంది. ఆ ఒక్క పాలసీ సరిపోతుందా అన్నది మీ సందేహం.

సరిపోదు. విశాఖలో చిన్న కాంట్రాక్టర్ల బీమా, క్లెయిముల పని చాలా కాలంగా చూస్తున్నవాడిగా ఈ మాట గట్టిగా చెబుతున్నాను. మీ దగ్గరున్న పాలసీ మంచిదే, దాన్ని రద్దు చేసుకోవద్దు. కానీ అది పనివాడికి మేలు చేసే పాలసీయే గాని, యజమానిగా మీ మీద చట్టం పెట్టిన బాధ్యతను మోసే పాలసీ కాదు. ప్రమాదం జరిగితే అందులో రాసిన స్థిరమైన మొత్తం కుటుంబానికి అందుతుంది, అయినా ఆ కుటుంబానికి మీ నుంచి చట్టప్రకారం రావలసిన పరిహారం అలాగే మిగిలి ఉంటుంది. ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల రక్షణ ఇచ్చే ప్రధానమంత్రి సురక్ష బీమా యోజనకూ ఇదే వర్తిస్తుంది. ప్రతి పనివాడినీ అందులో చేర్పించండి, కానీ దానితో మీ బాధ్యత తీరిందని అనుకోవద్దు.

మీరు ముందుగా తీసుకోవలసింది ఉద్యోగుల పరిహార పాలసీ. పాతవారు దీన్ని ఇప్పటికీ వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ అనే పిలుస్తారు. పనిలో భాగంగా పనివాడికి ప్రమాదం జరిగితే యజమాని పరిహారం చెల్లించాలని 1923 నాటి చట్టం నిర్దేశించింది. 2025 నవంబర్ 21న సామాజిక భద్రతా కోడ్ అమలులోకి రావడంతో ఆ ఏర్పాటు కోడ్‌లోని ఏడో అధ్యాయంలోకి చేరింది, లెక్క కట్టే పద్ధతి మాత్రం మారలేదు. అందువల్ల మీ పాలసీలో పాత చట్టం పేరు మాత్రమే ఉంటే, దాని స్థానంలో వచ్చిన చట్టం కింద ఏర్పడే బాధ్యత కూడా వర్తిస్తుందని రాతపూర్వకంగా రాయించుకోండి. దానితో పాటు 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద, సాధారణ న్యాయసూత్రాల కింద వచ్చే దావాలు కూడా పాలసీలో ఉన్నాయో లేదో చూసుకోండి.

బాధ్యత ఎంత పెద్దదో అంకెల్లో చూస్తే ఏజెంటు మాటకూ వాస్తవానికీ ఉన్న తేడా తెలుస్తుంది. మరణం సంభవిస్తే నెల వేతనంలో సగాన్ని, పనివాడి వయసును బట్టి చట్టంలో ఇచ్చిన గుణకంతో హెచ్చిస్తారు. లెక్కకు తీసుకునే గరిష్ఠ వేతనాన్ని 2020 జనవరిలో 15,000 రూపాయలుగా నిర్ణయించారు. 30 ఏళ్ల వయసుకు గుణకం 207.98, అంటే పరిహారం 15,59,850 రూపాయలు. 45 ఏళ్ల వయసుకు గుణకం 169.44, పరిహారం 12,70,800 రూపాయలు. బతికి బయటపడి శాశ్వతంగా పూర్తి అశక్తుడైతే సగానికి బదులు 60 శాతం లెక్కిస్తారు కాబట్టి, అదే 30 ఏళ్ల వ్యక్తికి 18,71,820 రూపాయలు అవుతుంది. ముప్పై అడుగుల ఎత్తు నుంచి పడి వెన్నెముక దెబ్బతినడం మన పనిలో అరుదైన సంగతి కాదు. పరిహారం బాకీ పడిన నెలలోపు చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా జాప్యం చేస్తే అసలులో 50 శాతం దాకా అపరాధ మొత్తం అదనంగా పడతాయి. ఆ అపరాధ మొత్తాన్ని బీమా కంపెనీ భరించదు. వడ్డీని కూడా చాలా పాలసీలు మినహాయిస్తాయి, కాబట్టి ఆ వాక్యాన్ని ప్రత్యేకంగా వెతికి చదవండి.

పనివాడు బెల్టు కట్టుకోలేదు కాబట్టి తప్పు అతనిదే అని చాలామంది యజమానులు ధైర్యంగా ఉంటారు. మత్తులో ఉండటం, భద్రతా ఆదేశాన్ని కావాలని ఉల్లంఘించడం వంటి కారణాలు చిన్న గాయాల విషయంలో యజమానికి రక్షణ ఇస్తాయి. మరణం గాని, శాశ్వత సంపూర్ణ అశక్తత గాని సంభవిస్తే ఆ వాదన నిలవదు. అంటే సరిగ్గా అతి పెద్ద బాధ్యత పడే చోటనే ఆ రక్షణ మీకు ఉండదు.

వైద్య ఖర్చుల విషయంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన. పనిలో తగిలిన గాయాల చికిత్సకు అయిన అసలు ఖర్చును యజమాని తిరిగి చెల్లించాలని 2009 సవరణ చట్టంలో చేర్చింది, దానికి గరిష్ఠ పరిమితి పెట్టలేదు. పాలసీలో మాత్రం వైద్య ఖర్చు సాధారణంగా విడిగా ప్రీమియం కట్టి జతచేసుకోవలసిన అంశం, పైగా ఒక్కో మనిషికి ఇంత అనే పరిమితితో వస్తుంది. కొన్ని వందలు ఆదా అవుతాయని ఆ అంశాన్ని వదిలేసిన పాలసీలు నేను తరచుగా చూస్తుంటాను. తుంటి ఎముక విరిగిన మనిషిని ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చిన రోజున ఆ ఆదాకు అర్థం ఉండదు. ఆ పరిమితి ఎంత ఎక్కువగా ఇస్తే అంత తీసుకోండి.

ఇక మేస్త్రీ తెచ్చే మనుషులు. వారికి కూలి ఇచ్చేది మేస్త్రీయే అయినా, వారు చేసేది మీ వ్యాపారంలోని పనే కాబట్టి పరిహారం మీ నుంచి కోరే హక్కు వారికి ఉంది. చెల్లించాక మీరు మేస్త్రీ నుంచి రాబట్టుకోవచ్చని చట్టం అంటుంది గాని, అతని దగ్గర రాబట్టడానికి ఏముంటుందో మీకు తెలుసు. కాబట్టి పాలసీలో కాంట్రాక్టరు, సబ్ కాంట్రాక్టరు మనుషులకు వర్తించే ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జతచేసే అదనపు షరతు ఉండాలి, వారి వేతనాలు కూడా ప్రకటించిన మొత్తంలో చేరాలి. ఈ పాలసీకి ప్రీమియం లెక్కించేది ఏడాది మొత్తం వేతనాల మీద. ఆరుగురి వేతనం చూపించి పద్దెనిమిది మందితో పని చేయిస్తే, క్లెయిమ్ వచ్చిన రోజున సర్వేయరు మీ హాజరు పుస్తకం, బ్యాంకు ఖాతా, ఫోన్‌లో పంపిన చెల్లింపులు అన్నీ అడుగుతారు. ఆ తేడా మేరకు చెల్లింపు తగ్గుతుంది, లేదా మొత్తంగా వివాదమవుతుంది. తుపాను తర్వాత మనుషులు పెరిగిన రోజునే కంపెనీకి ఈమెయిల్ పంపి అదనపు ప్రీమియం కట్టడం ఒక్క పూట పని. ప్రతి ఒక్కరి ఆధార్ నకలు మొదటి రోజునే తీసుకోండి, ఎందుకంటే పరిహారపు గుణకం వయసు మీదే ఆధారపడుతుంది.

ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా సంగతి కూడా మీకు వర్తిస్తుంది. పనివారి సంఖ్య పదికి చేరితే ఆ పరిధిలోకి వస్తారు, 21,000 రూపాయల లోపు నెల వేతనం ఉన్నవారికి యజమాని 3.25 శాతం, పనివాడు 0.75 శాతం చెల్లించాలి. ఈఎస్‌ఐ వర్తించే పనివాడికి ప్రమాద ప్రయోజనాలు అక్కడినుంచే వస్తాయి, అతను మీ మీద విడిగా పరిహార దావా వేయలేడు. కుటుంబానికి నెలనెలా పింఛను రూపంలో అందుతుంది కాబట్టి చాలా సందర్భాల్లో ఇదే వారికి మేలు. ఈఎస్‌ఐ పరిధిలోకి ఇంకా రాని రోజుల్లో, కొత్తగా చేరినవారి నమోదు పూర్తికాని రోజుల్లో ఏర్పడే ఖాళీని మాత్రం పరిహార పాలసీయే పూడ్చాలి.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యమని భావించే విషయం. ప్రతిపాదన పత్రంలో వ్యాపార వివరణ అనే ఒక చిన్న గడి ఉంటుంది. ఏజెంట్లు అందులో తోట పని అనో, ల్యాండ్‌స్కేపింగ్ అనో రాసేస్తారు, ఎందుకంటే ఆ మాటకు ప్రీమియం తక్కువ, కంపెనీ నుంచి ప్రశ్నలు రావు. మీ మనుషులు చేసేది అది కాదు. మోకు కట్టుకుని ఎత్తుకు ఎక్కడం, రంపం మిషన్‌తో కొమ్మలు కోయడం, క్రేన్‌తో మాను దించడం, వేరు మొద్దు తవ్వి తీయడం, కరెంటు తీగల పక్కన పనిచేయడం తోట పనిలోకి రావు. బీమా ఒప్పందం పూర్తి నిజాయితీ మీద నిలిచే ఒప్పందం. ప్రమాదపు స్వభావాన్ని మార్చే విషయం దాచినా, తక్కువ చేసి చెప్పినా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించవచ్చు. పని ఎంత ఎత్తులో చేస్తారు, ఏ పరికరాలు వాడతారు, తీగల దగ్గర పని ఉంటుందా అన్నవి వాక్యాలుగా రాసి, అదే పాఠం పాలసీ షెడ్యూల్‌లో, అంటే మీ వివరాలు, పరిమితులు ఉండే పేజీలో అచ్చయిందో లేదో చూసుకోండి. ఎత్తుకు పరిమితి పెట్టిన పాలసీలు కూడా ఉంటాయి. బీచ్ రోడ్డు వెంబడి కొబ్బరి చెట్ల ఎత్తును, విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని పాత మానుల ఎత్తును దృష్టిలో పెట్టుకుని ఆ అంకె మీకు సరిపోతుందో లేదో తేల్చుకోండి.

రెండో పాలసీ పబ్లిక్ లయబిలిటీ. అపార్ట్‌మెంట్ సంఘం నిజానికి అడుగుతున్నది ఇదే. మీ పని వల్ల బయటివారి శరీరానికో ఆస్తికో నష్టం కలిగి, చట్టప్రకారం మీరు చెల్లించవలసి వస్తే ఆ మొత్తాన్ని, న్యాయ ఖర్చులను ఇది భరిస్తుంది. 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ బీమా చట్టం ప్రమాదకర రసాయనాలకు సంబంధించినది, ఆ చట్టం కింద ఇచ్చే పాలసీ మీకు పనికిరాదు. ఏజెంటు ఈ రెండింటినీ కలిపేస్తే సరిదిద్దండి. మీకు కావలసింది పారిశ్రామికేతర సంస్థలకు ఇచ్చే పబ్లిక్ లయబిలిటీ పాలసీ, లేదా అంతకన్నా విస్తృతమైన కమర్షియల్ జనరల్ లయబిలిటీ పాలసీ.

ఇందులో రెండు పరిమితులు ఉంటాయి, ఒకటి ఒక్కో ప్రమాదానికి, మరొకటి ఏడాది మొత్తానికి. చాలామంది 10 లక్షలతో సరిపెడతారు. నా అభిప్రాయంలో నగరం లోపల పనిచేసేవారికి ఒక్కో ప్రమాదానికి 50 లక్షలకు తగ్గకూడదు. పార్కింగ్‌లో పక్కపక్కనే ఆగిన రెండు కార్ల మీద మాను పడితేనే 10 లక్షలు దాటుతుంది, దారిన వెళ్లే మనిషి ప్రాణం పోతే ఆ అంకె ఎక్కడా సరిపోదు. పరిమితి పెంచినంత నిష్పత్తిలో ప్రీమియం పెరగదు కాబట్టి రెండు మూడు అంకెలకు కొటేషన్ అడిగి పోల్చి చూడండి. ఈ పాలసీలు మన దేశంలో ఎక్కువగా దావా వచ్చిన కాలాన్ని బట్టి నడుస్తాయి. ప్రమాదమూ దావా రెండూ పాలసీ నిరంతరంగా ఉన్న కాలంలోనే జరగాలి, అందుకే మధ్యలో ఒక్క నెల తెగినా పాత పనుల రక్షణ పోతుంది.

మినహాయింపులు ఈ పాలసీకి ప్రాణం వంటివి. మీ ఆధీనంలో, సంరక్షణలో ఉన్న ఆస్తికి కలిగిన నష్టం వర్తించదని చాలా పాలసీల్లో ఉంటుంది. మీరు పనిచేస్తున్న చెట్టు అందులోకి వస్తుందనడంలో వింత లేదు, కానీ ఆ చెట్టు కింద ఉన్న ప్రహరీ గోడ, సోలార్ పలకలు, నీటి ట్యాంకు పరిస్థితి ఏమిటో ముందే రాతపూర్వకంగా అడగండి. వేరు మొద్దు తవ్వేటప్పుడు తెగే భూగర్భ కేబుళ్లు, నీటి పైపుల గురించి కూడా అడగాలి. పని ముగించి వెళ్లిన నెల తర్వాత సగం కోసి వదిలిన కొమ్మ విరిగి పడితే అది పని పూర్తయిన తర్వాతి బాధ్యత, దానికి ప్రత్యేక రక్షణ అవసరం. ఒక చెట్టు చూపిస్తే మరో చెట్టు కొట్టేయడం ప్రమాదం కిందికి రాదు, దాన్ని ఈ పాలసీ మోయదు. చెట్టు సురక్షితమని మీరు రాతపూర్వక నివేదిక ఇచ్చాక అది కూలితే, అది వృత్తిపరమైన సలహాకు సంబంధించిన బాధ్యత, దానికి వేరే పాలసీ ఉంది. నివేదికలు ఇవ్వడం మీ పనిలో భాగం కాకపోతే ఆ పాలసీ అక్కర్లేదు, కానీ వాట్సాప్‌లో కూడా ఆ హామీ ఇవ్వవద్దు.

లారీకి మూడో పక్షం (థర్డ్ పార్టీ) బీమా మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి, అది మీకు ఉండే ఉంటుంది. లారీ వెనుక కొమ్మల మీద పనివారిని కూర్చోబెట్టి పంపడం మాత్రం వెంటనే మానేయండి. సరుకు వాహనంలో ఎక్కిన మనుషుల విషయంలో మోటారు పాలసీ ఎంతవరకు చెల్లించాలన్నది ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగే వివాదం, పైగా అది నిజంగా ప్రాణాలు తీసే అలవాటు.

అద్దె క్రేన్ గురించి అందరూ అడగడం మరిచే ప్రశ్న ఒకటి ఉంది. క్రేన్‌కు మోటారు పాలసీ ఉన్నా, అందులో ఐఎంటీ 47 అనే ఎండార్స్‌మెంట్ ఉంటే, క్రేన్‌గా పనిచేస్తుండగా బోల్తా పడటం వల్ల దానికి కలిగిన నష్టం వర్తించదు. పనిముట్టుగా వాడుతుండగా మూడో పక్షానికి కలిగిన నష్టానికి కూడా చట్టం తప్పనిసరి చేసిన మేరకే బాధ్యత వహిస్తుంది. క్రేన్ రోడ్డు మీద నడిచేటప్పటికంటే కొక్కేనికి మాను వేలాడేటప్పుడే ప్రమాదం ఎక్కువ. అందుకే యజమాని దగ్గర పని స్థలంలో యంత్రాలకు కలిగే నష్టాన్ని భరించే కాంట్రాక్టర్స్ ప్లాంట్ అండ్ మెషినరీ పాలసీ ఉందా, అందులో మూడో పక్షం బాధ్యత జతచేశారా, ఫిట్‌నెస్, ఆపరేటరు లైసెన్సు చెల్లుబాటులో ఉన్నాయా అని నకళ్లు తీసుకుని చూడండి. అద్దె ఒప్పందంలో ఎవరి బాధ్యత ఏమిటో ఒక పేజీ రాసుకోండి.

రంపం మిషన్లు, మోకులు, బెల్టుల వంటివాటి మీద ఎక్కువ డబ్బు ఖర్చు చేయవద్దు. గోదాములో ఉన్న సామానుకు 5 కోట్ల లోపు ఆస్తులున్న చిన్న సంస్థల కోసం 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ చాలు, తుపాను, వరద నష్టాలు అందులోనే ఉంటాయి. పని స్థలంలో పోయిన మిషన్‌కు అది వర్తించదు. ఆ నష్టం మీరు భరించగలిగినదే, ఆ ప్రీమియాన్ని పనివాడి వైద్య పరిమితి పెంచడానికి వాడండి.

పాలసీలు కాకుండా, వాటిని నిలబెట్టే కాగితాలు కూడా ఉన్నాయి. చెట్టు నరకడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలి. అనుమతి లేకుండా నరికినందుకు పడే జరిమానా ఏ పాలసీలోనూ రాదు, ఆ పనిలో జరిగిన ప్రమాదపు క్లెయిమ్‌లో కూడా అదే మొదటి అభ్యంతరమవుతుంది. అనుమతి పత్రం స్థల యజమాని పేరున ఉన్నా, దాని నకలు మీ దగ్గర లేకుండా రంపం తీయవద్దు. తీగల పక్కన పని ఉంటే విద్యుత్ పంపిణీ సంస్థ సిబ్బందితో మాట్లాడి లైన్ క్లియర్, అంటే ఆ తీగలో కరెంటు ఆపినట్టు నిర్ధారణ తీసుకుని, సమయాలు రాసిపెట్టుకోండి. లైన్‌మన్ ఫోన్‌లో సరే అన్నాడన్నది క్లెయిమ్ ఫైలులో పనికిరాదు, అంతకన్నా ముఖ్యంగా చెట్టు మీదున్న మనిషిని కాపాడదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకిన తర్వాతి వారాల్లో ఎంత పని ఒక్కసారిగా వచ్చిపడిందో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. అలాంటి రోజుల కోసం పాలసీ ముందే ఉండాలి. తుపాను హెచ్చరిక వెలువడ్డాక కొత్త ఆస్తి పాలసీలు ఇవ్వడానికి కంపెనీలు సాధారణంగా వెనుకాడతాయి. పైగా 1938 నాటి బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా అందితేనే రక్షణ మొదలవుతుంది. ఏజెంటుకు నగదు ఇచ్చాననే భరోసా చాలదు, కంపెనీ రసీదు చేతికి రావాలి, చెక్కు ఇస్తే అది పాస్ కావాలి. సెప్టెంబరులోగా అన్నీ పూర్తిచేసుకోవడం మంచిది.

ప్రమాదం జరిగితే ముందు మనిషిని ఆస్పత్రికి చేర్చండి, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) అయినా మరొకటైనా మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేసే కేసుగా నమోదు చేయించండి. అదే రోజు కంపెనీకి ఈమెయిల్ పంపండి. మరణమైతే పరిహారాన్ని కుటుంబానికి నేరుగా ఇచ్చి కాగితం రాయించుకోవడం మన దగ్గర పెద్దమనుషుల సమక్షంలో మామూలుగా జరిగేదే. చట్టం దృష్టిలో అది పరిహారం చెల్లించినట్టు కాదు. అధీకృత అధికారి వద్ద జమ చేస్తేనే చెల్లుతుంది, కుటుంబానికి ముందస్తుగా మూడు నెలల వేతనం దాకా ఇవ్వవచ్చు. ఆ మూడు నెలల వేతనం మాత్రం ఆలస్యం చేయకుండా ఇవ్వండి, ఆ ఇంటికి ఆ వారంలో అవసరమయ్యేది అదే. బయటివారి ఆస్తి నష్టం విషయంలో మాత్రం కంపెనీ అనుమతి లేకుండా మొత్తం మేమే కట్టిస్తామని మాట ఇవ్వవద్దు, పాలసీ షరతు అందుకు ఒప్పుకోదు.

క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. అక్కడ న్యాయం జరగకపోతే బీమా ఫిర్యాదులను పరిష్కరించే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు దరఖాస్తు చేసుకోవచ్చు. సొంత యాజమాన్య సంస్థలకు, సూక్ష్మ సంస్థలకు ఆ అవకాశం ఉంది, రుసుము లేదు.

మీ అపార్ట్‌మెంట్ సంఘానికి ఉద్యోగుల పరిహార పాలసీ, పబ్లిక్ లయబిలిటీ పాలసీ రెండింటి నకళ్లూ ఇవ్వండి. సంఘం మీద దావా పడితే వారికీ రక్షణ ఉండేలా వారి పేరును ప్రిన్సిపల్‌గా, అంటే పని అప్పగించినవారిగా చేర్చే ఎండార్స్‌మెంట్ అడగండి, అది ఒక్క పనికి కూడా తీసుకోవచ్చు. డబ్బు కట్టేముందు ఏజెంటు నుంచి షెడ్యూల్ ముసాయిదాను, మినహాయింపుల పేజీలను తెప్పించుకోండి. వ్యాపార వివరణ వాక్యం, మేస్త్రీ మనుషుల ఎండార్స్‌మెంట్, వైద్య పరిమితి, ఎత్తు పరిమితి ఈ నాలుగూ అందులో ఎలా రాశారో ఇక్కడ పెడితే చదివి చెబుతాను.